కట్ చెప్పని చోట

ఆవుల కొట్టంలో నిలబడి ఒక నల్లజాతి అమ్మాయి తన పైబట్ట జారవిడిచి నిండు కడుపు చూపిస్తుంది. ఎదురుగా ఉన్నవాడికి నోట మాట రాదు. పద్దెనిమిదేళ్లుగా భూమ్మీద ఎక్కడా బిడ్డ పుట్టని కాలమది. అల్ఫోన్సో కువారోన్ 2006లో తీసిన ‘చిల్డ్రన్ ఆఫ్ మెన్’లోని ఘట్టం ఇది. 2024లో నాగ్ అశ్విన్ తీసిన ‘కల్కి 2898 ఏడీ’ కథ కూడా ఒక గర్భం చుట్టూనే తిరుగుతుంది. కాంప్లెక్స్ అనే పై లోకంలో ఆడవాళ్ల గర్భాల నుంచి సారం పిండుకుంటారు. పేరుకు కూడా నోచుకోక సమ్-80 అనిపించుకునే యువతి అక్కడి నుంచి తప్పించుకుంటుంది. వీటికంటే చాలా ముందే, 1988లో బి.నర్సింగరావు తీసిన ‘దాసి’లో, దొర గడీలో ఆడబాపగా, అంటే కట్టుదాసిగా, బతికే కమలాక్షికి తన కడుపు మీద తనకే హక్కుండదు. నిలవాలో పోవాలో గడీ నిర్ణయిస్తుంది.

మూడు లోకాల్లోనూ నియమం ఒకటే: ఒళ్లు నీది, అధికారం మాది. కానీ మూడింటి ముందు మనం కూర్చునే తీరు ఒకటి కాదు. మొదటిదాన్ని ఊపిరి బిగబట్టి చూస్తాం. రెండోదానికి ఈల వేస్తాం. మూడోది అయ్యాక పక్కవాడితో మాట్లాడబుద్ధి కాదు. కథ, నటన, సంగీతం అన్నింటికీ ఇందులో వాటా ఉంది. అయితే దర్శకులూ విమర్శకులూ ఏళ్ల తరబడి వాదించుకుంటున్న కారణం ఇంకోటుంది. కెమెరా ఎంతసేపు చూపు తిప్పుకోకుండా నిలబడింది? ఎక్కడ కట్ చెప్పారు? చెడిపోయిన లోకాల గురించి తీసే డిస్టోపియా సినిమాల్లో, కోయకుండా సాగే లాంగ్ టేక్‌కు గుండెను పట్టుకునే ప్రత్యేక శక్తి ఏమైనా ఉందా, ఉంటే అది ఎక్కడి నుంచి వస్తోంది?

వాదానికి పునాది పాతదే. సినిమా అంటే ముక్కల్ని ఢీకొట్టించి అర్థం పుట్టించడమని సోవియట్ దర్శకుడు ఐజెన్‌స్టీన్ నమ్మాడు. ఫ్రెంచి విమర్శకుడు ఆంద్రే బజాఁ అందుకు ఒప్పుకోలేదు. షాట్‌ను కోయకుండా ఉంచితే ఎటు చూడాలో ప్రేక్షకుడే ఎంచుకుంటాడనీ, జరిగే సంగతిలోని సందిగ్ధం చెక్కు చెదరకుండా మిగులుతుందనీ అతని వాదన. పరిశ్రమ మాత్రం ఐజెన్‌స్టీన్ సిద్ధాంతాన్ని పక్కన పెట్టి అతని కత్తెరను తీసుకుంది. హాలీవుడ్ చిత్రాల్లో ఒక్కో షాట్ సగటు నిడివి 1930 నుంచి 1960 దాకా 8 నుంచి 11 సెకన్లు ఉండేదనీ, తొంభైల చివరికి 3 నుంచి 6 సెకన్లకు పడిపోయిందనీ సినిమా చరిత్రకారుడు డేవిడ్ బోర్డ్‌వెల్ లెక్క తేల్చాడు. మన వాణిజ్య చిత్రాలు అంతకంటే నిదానంగా ఉన్నాయని చెప్పే ధైర్యం నాకు లేదు.

డిస్టోపియాకూ లాంగ్ టేక్‌కూ పొత్తు కుదరడానికి మూలం సులభంగానే దొరుకుతుంది. ఆ లోకాల మొదటి లక్షణం బయటికి దారి లేకపోవడం. కట్ అనేది ప్రేక్షకుడికి దొరికే దారి. బాధ మరీ ఎక్కువైన చోట ఎడిటర్ మనల్ని ఇంకో కోణంలోకి, ఇంకో గదిలోకి, ఇంకో రోజులోకి తీసుకుపోతాడు. ఆ తలుపు మూసేస్తే తెర మీదివాళ్ల కాలమూ మన కాలమూ ఒకటైపోతాయి. సూత్రంగా ఇది బాగుంది. ఆచరణలో ప్రతిసారీ పని చేస్తుందా అన్నదే పేచీ.

‘చిల్డ్రన్ ఆఫ్ మెన్’ మొదటి నిమిషాల్నే చూద్దాం. కథాకాలం 2027, ఊరు లండన్. భూమ్మీద అందరికంటే చిన్నవాడు, పద్దెనిమిదేళ్లవాడు, చనిపోయాడన్న వార్త టీవీలో వస్తుంటే కాఫీ దుకాణంలో జనం గుడ్లప్పగించి చూస్తుంటారు. కథానాయకుడు థియో జనాన్ని తోసుకుని కాఫీ కొనుక్కుని బయటికొస్తాడు. కెమెరా అతని వెంటే వీధిలోకి వస్తుంది. నాలుగడుగులు వేసి, ఆగి, కప్పులో మందు కలుపుకుంటాడు. వెనక దుకాణం పేలిపోతుంది. షాట్ తెగలేదు. సూచన ఇచ్చే క్లోజప్పు లేదు, ముందుగా హెచ్చరించే సంగీతం లేదు. ఇప్పుడే మనం కూడా ఆ గుమ్మంలోంచే బయటికొచ్చామన్న సంగతి ఒంటికి తెలుస్తుంది. అదే దృశ్యాన్ని ఐదు ముక్కలుగా కోసి ఉంటే పేలుడు ఒక సమాచారంగా అందేది.

ఆ తర్వాతి కారు ఘట్టం ఎక్కువమంది చెప్పుకునేది. ఐదుగురు కారులో పోతుంటారు. ముందు సీట్లోని జూలియన్, వెనక సీట్లోని థియో పింగ్‌పాంగ్ బంతిని నోటితో ఊది ఒకరికొకరు అందించుకుంటూ నవ్వుకుంటారు. ఒకప్పుడు మొగుడూ పెళ్లాలు, బిడ్డను పోగొట్టుకుని విడిపోయినవాళ్లు. ఆ నవ్వులో పాత కాపురం కనిపిస్తుంది. అంతలో మండుతున్న కారు దారికడ్డంగా వస్తుంది, అడవిలోంచి గుంపు దూకుతుంది, మోటారు సైకిల్ మీద వచ్చినవాడి తూటాకు జూలియన్ గొంతు తెగుతుంది. దాదాపు నాలుగు నిమిషాల పాటు కెమెరా కారులోనే ఉంటుంది, ఆరో ప్రయాణికుడిలా. దీనికోసం ఛాయాగ్రాహకుడు ఇమాన్యుయెల్ లుబెజ్కీ బృందం కారు పైకప్పు తీసేసి, కెమెరా లోపల నాలుగు వైపులా తిరిగే యంత్రాన్ని బిగించింది. కెమెరా వచ్చినప్పుడు నటులు వంగి తప్పుకునేలా సీట్లు మార్చింది. అయినా అది అచ్చంగా ఒక్క టేక్ కాదు. వేర్వేరు చోట్ల తీసిన ముక్కల్ని కంప్యూటర్‌లో అతుకు కనబడకుండా కుట్టారు. బజాఁ బతికుంటే ఒప్పుకునేవాడో లేదో! నవ్వుకూ చావుకూ మధ్య గీత లేదన్నది మాత్రం అతుకులతోనైనా మనకు అందింది.

ఈ చిత్రంలో నాకు అంతకంటే విలువైనదిగా తోచేది నిడివి కాదు, కెమెరాకున్న చూపు. వలసవచ్చినవాళ్లను బోనుల్లో పెట్టి స్టేషన్ ప్లాట్‌ఫారం మీద నిలబెట్టి ఉంటారు. థియో అటు చూడడు, రోజూ చూసేదే. కెమెరా మాత్రం అతన్ని ముందుకు పోనిచ్చి, బోనులోని ముసలామె వైపు ఒక్క క్షణం తిరిగి మళ్లీ అతన్ని అందుకుంటుంది. హీరో చూడనిదాన్ని చూసే ఈ అలవాటు వల్లే చివరి పోరాటంలో మన గుండె అదురుతుంది. ఆ లోకం హీరో రాకముందూ ఉంది, పోయాకా ఉంటుంది అనే నమ్మకం అప్పటికే మనలో స్థిరపడింది.

ఆ చివరి పోరాటమే వివాదానికి కేంద్రం. ఆరు నిమిషాలకు పైగా వీధి, బస్సు, మెట్లు, కూలుతున్న భవనం. మధ్యలో రక్తపు చుక్కలు లెన్సు మీద పడతాయి. కువారోన్ కట్ అన్నాడనీ, పేలుళ్ల మోతలో ఎవరికీ వినబడలేదనీ, అదే టేక్ సినిమాలో నిలిచిందనీ చెప్పే కథ పరిశ్రమలో ప్రసిద్ధం. మెచ్చుకునేవాళ్లకు ఆ చుక్కలు యుద్ధవార్తల నిజాయితీ. తప్పుపట్టేవాళ్లకు అక్కడే మాయ చెదిరి, కెమెరా ఒకటుందని గుర్తొస్తుంది. నేను రెండో పక్షానికే దగ్గర. ఎంత కష్టపడి తీశారో అన్న ఆలోచన వచ్చిందంటే, ఆ క్షణంలో కాల్పుల్లో ఉన్నవాళ్ల మీది ధ్యాస పోయినట్టే. కారులో ఆ ఆలోచన నాకు రాలేదు.

విన్యాసానికీ వేదనకూ ఉన్న ఈ తేడాను దక్షిణాది ప్రేక్షకుడు బాగా ఎరుగును. లిజో జోస్ పెల్లిసెరి మలయాళంలో తీసిన ‘అంగమాలి డైరీస్’ (2017) ముగింపులో పండుగ జనం మధ్య పదకొండు నిమిషాల ఒకే షాట్ ఉంది. చూసినవాళ్లకు పూనకం వచ్చింది. ఆ కథకు కావలసిందీ అదే. తెలుగులో సింగిల్ షాట్ ఫైట్ అని పోస్టర్ మీద, ఇంటర్వ్యూల్లో ముందే చెప్పేస్తారు. ప్రేక్షకుడు లెక్కపెట్టడానికి సిద్ధపడి వస్తాడు. లెక్క మొదలైన చోట దుఃఖానికి చోటుండదు. చెడిపోయిన లోకంలో నిస్సహాయుణ్ణి చూపించడానికి హీరో పటిమను చాటే షాట్ పనికిరాదు.

లాంగ్ టేక్‌లో ఇంకో బడి ఉంది. అక్కడ తూటాలు లేవు, నిరీక్షణ ఉంది. స్ట్రుగాట్‌స్కీ సోదరుల నవల ఆధారంగా సోవియట్ దర్శకుడు తార్కోవ్‌స్కీ 1979లో తీసిన ‘స్టాకర్’ రెండు గంటల నలభై నిమిషాల పైమాట, షాట్లు మాత్రం సుమారు 140. ఎస్టోనియాలో టాలిన్ దగ్గర మూతపడిన జలవిద్యుత్ కేంద్రాల్లో తీశారు. మొదట తీసిన ఫిల్ము ల్యాబులో పాడైపోతే మళ్లీ తీశారు. నీళ్ల అడుగున సిరంజీ, నాణేలు, తుప్పు పట్టిన తుపాకీ, దేవుడి బొమ్మ. వాటి మీదుగా కెమెరా తొందర లేకుండా జరుగుతూ పోతుంది. ఒక నాగరికత అడుగున మిగిలిన చెత్తను మనం తీరిగ్గా చదువుకుంటాం. ఇక్కడి భావోద్వేగం భయం కాదు. ఎప్పుడో ఏదో పోగొట్టుకున్నామని ఆలస్యంగా తెలియడం.

హంగరీ దర్శకుడు బేలా తార్ దీన్ని ఇంకా దూరం లాగాడు. ‘వెర్క్‌మైస్టర్ హార్మనీస్’ (2000) 145 నిమిషాల సినిమా, 39 షాట్లు. అందులో ఉన్మాదం పట్టిన గుంపు ఒకటి ఆసుపత్రి మీద పడుతుంది. అరుపులు లేవు. గది తర్వాత గది, మంచం తర్వాత మంచం, రోగుల్ని లాగి కొడతారు. కెమెరా వాళ్ల వెంట నిదానంగా నడుస్తుంది. చివరి గదిలో తెర లాగితే స్నానాల తొట్టిలో ఒంటి మీద నూలుపోగు లేని బక్కచిక్కిన ముసలివాడు నిలబడి ఉంటాడు. గుంపు చేతులు దిగిపోతాయి. ఒక్కొక్కరే వెనుదిరిగి, వచ్చిన దారినే బయటికి నడుస్తారు. ఇన్ని నిమిషాలు వాళ్లతో నడిచాం గనుక వాళ్ల సిగ్గులో మనకూ వాటా వస్తుంది. కట్‌లతో తీస్తే మనం రోగుల పక్షాన సుఖంగా కూర్చుని ఉండేవాళ్లం. లాంగ్ టేక్ గురించి చెప్పుకునే గొప్పల్లో నేను పూర్తిగా ఒప్పుకునేది ఇదొక్కటి: అది చూసేవాణ్ణి నేరంలోకి కూడా లాగగలదు.

అయితే నిడివే మంత్రమని అనుకోకూడదని చెప్పే సినిమాలూ ఉన్నాయి. క్రిస్ మార్కర్ ‘లా జెతే’ (1962) అణుయుద్ధం తర్వాతి పారిస్ కథ. 28 నిమిషాల ఆ చిత్రం దాదాపు మొత్తం నిశ్చల ఛాయాచిత్రాలే. ఒకే ఒక్క చోట, నిద్రలేస్తున్న స్త్రీ కళ్లు విప్పి రెప్పలార్పుతుంది. ఆ కాసిన్ని సెకన్ల కదలికకు కలిగే కంపం పది నిమిషాల టేకులెన్నింటికో కలగదు. జార్జ్ మిల్లర్ ‘మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్’ (2015) రెండు గంటల్లో సుమారు 2,700 షాట్లు. అందులోనూ పారిపోతున్న ఆడవాళ్లున్నారు, నిండు గర్భిణి ఉంది, ఆమె చావూ ఉంది. ఆ వేగంలోనే దుఃఖం దొరుకుతుంది. అసలు సంగతి సెకన్ల లెక్కలో లేదన్నమాట. సినిమా తనకు తాను పెట్టుకున్న కాలనియమాన్ని ఎప్పుడు, ఎవరికోసం తప్పిందన్న దానిలో ఉంది. మార్కర్ కదలని లోకంలో ఒక్కసారి కదిలాడు. కువారోన్, తార్ కదిలిపోయే అలవాటున్న ప్రేక్షకుణ్ణి కదలనివ్వలేదు.

ఇక మన సంగతి. తెలుగులో చెడిపోయిన భవిష్యత్తును మొదట గట్టిగా ఊహించింది సింగీతం శ్రీనివాసరావు. ‘ఆదిత్య 369’ (1991) అనగానే అందరికీ కృష్ణదేవరాయలే గుర్తొస్తాడు. కానీ టైం మెషీన్ 2504కు కూడా పోతుంది. ప్రపంచయుద్ధం తర్వాత రేడియేషన్‌తో భూమి పైభాగం పాడై, జనం నేల కింద బతుకుతుంటారు. గొప్ప ఊహ. సినిమా మాత్రం అక్కడ నిలవదు, వింతలు చూపించి వెనక్కి వచ్చేస్తుంది. పిల్లలూ పెద్దలూ కలిసి చూసే వినోదంగా దానికది చెల్లింది. ‘కల్కి’కి అలాంటి సాకు లేదు. చివరి నగరంగా మిగిలిన కాశీ, ఎండిన గంగ, నెత్తిన వేలాడే తలకిందుల పిరమిడ్ లాంటి కాంప్లెక్స్, నీళ్లకూ పచ్చదనానికీ మొహం వాచిన జనం. ఇంత శ్రద్ధగా కట్టిన లోకం తెలుగు తెర మీద ఇంతకుముందు లేదు. ఆ కాశీ వీధిలో నింపాదిగా నడిచే అవకాశమే మనకివ్వరు. ఒక దుకాణం, ఒక ముఖం కనబడేలోపు హాస్యమో, పోరాటమో, అతిథి తారో వచ్చేస్తారు. మంటల మధ్య నుంచి సమ్-80గా దీపికా పదుకొణె నడిచివచ్చే ఘట్టం అందంగా ఉంటుంది, కానీ స్లో మోషన్‌లో సాగదీసిన కాలం వేరు, కోయకుండా వదిలిన కాలం వేరు. మొదటిది ఆమెను దేవతను చేస్తుంది. నెలలు నిండుతున్న మనిషికి పరుగెత్తడం ఎంత కష్టమో రెండోదే చెప్పగలదు.

దీనికి దర్శకులొక్కరినే అనలేం. ఫిల్ము రోజుల్లో 400 అడుగుల మ్యాగజైన్‌లో నాలుగున్నర నిమిషాలకు మించి పట్టేది కాదు, వెయ్యి అడుగుల దానిలో పదకొండు. లాంగ్ టేక్ చివర్లో ఒకడు తడబడితే నెగెటివ్ అంతా బూడిద. నిర్మాత సెట్లోనే ఉండేవాడు. తారల కాల్‌షీట్లు, ఇంటర్వెల్ బ్యాంగ్, పాటకో చోటు. హాల్లో జనం సంగతీ ఉంది. నాలుగు నిమిషాలు కెమెరా కదలకపోతే మా నిజామాబాద్‌లో వెనక వరసలోంచి “గింత సేపు ఒక్కటే సూపిస్తుండేందిరా” అన్న గొంతు తప్పకుండా లేస్తుంది. ఆ గొంతును నేను తక్కువ చేయను. అడ్డగోలుగా సాగదీసిన ఎన్నో సినిమాల మీద అది న్యాయమైన తీర్పు.

ఇన్ని అడ్డంకుల మధ్య ‘దాసి’ వచ్చింది. 1920ల తెలంగాణ గడీ. దాన్ని డిస్టోపియా అనడమేమిటి, అది చరిత్ర కదా అంటారు. కానీ ఆ జాతి సినిమా అడిగే లక్షణాలన్నీ అక్కడున్నాయి. మూసిన గోడలు, లోపలి చట్టం, పుట్టుకతోనే కేటాయించిన పని, పారిపోతే చేరుకోవడానికి బయట ఏమీ లేకపోవడం. ఎ.కె.బీర్ కెమెరా ఆ గడీని తొందరపడకుండా చూస్తుంది. మాటలు కొద్ది, సంగీతం ఇంకా కొద్ది. కమలాక్షిగా అర్చన ఊడుస్తుంది, నీళ్లు మోస్తుంది, పిలిస్తే పోతుంది. పని పూర్తయ్యే దాకా షాట్ ఆగి ఉంటుంది, అంచేత ఆ పనికి అంతు లేదని మనకు అర్థమవుతుంది. అర్చనకు, బీర్‌కు, చిత్రానికి జాతీయ అవార్డులు వచ్చాయి. ఆ దారిలో తర్వాత నడిచినవాళ్లు చాలా తక్కువ. ‘కల్కి’ బృందం కాంప్లెక్స్ డిజైన్‌కు ఎన్ని దేశాల సినిమాలు తిరగేసిందో గానీ, గర్భం మీద అధికారం ఎలా ఉంటుందో చూపిన తెలుగు సినిమా మాత్రం ఇంట్లోనే ఉంది.

ఇంట్లో ఉన్న చెడిపోయిన లోకం అదొక్కటే కాదు. నిజామాబాద్ నుంచి పాతిక కిలోమీటర్లు పోతే బోధన్, దాన్ని ఆనుకుని షక్కర్‌నగర్. మంజీరా మీద నిజాంసాగర్ 1931లో పూర్తయ్యాక కాలువ కింద చెరకు పెరిగింది. 1937లో నిజాం సర్కారు చక్కెర కంపెనీ పెట్టింది. ఆసియాలోనే పెద్దదని పేరు. సొంత చెరకు తోటలు, క్వార్టర్లు, బడి, ఆసుపత్రి, రైలు. సీజన్ మొదలైతే బండ్లు, ట్రాక్టర్లు బారులు తీరేవి, మొలాసిస్ వాసన ఊరంతా పట్టేది. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబర్ 23న లేఆఫ్ నోటీసు అంటించారు. 2019లో లిక్విడేషన్ ఆదేశం వచ్చింది. 2024లో మళ్లీ తెరిపించడానికి ప్రభుత్వం కమిటీ వేసింది. ఈలోగా చెరకు పొలాలు వరి మళ్లయ్యాయి. మిగిలిన చెరకు కామారెడ్డి, మాగి వైపు ప్రైవేటు మిల్లులకు పోతోంది. సారంగాపూర్‌లోని సహకార ఫ్యాక్టరీ అంతకుముందే మూతపడింది.

‘స్టాకర్’లో తార్కోవ్‌స్కీ చూపిన నిర్జన ప్రాంతం జోన్‌కు కావలసినవన్నీ ఇక్కడున్నాయి. గోడ దాటి పెరిగిన పిచ్చి చెట్లు, తుప్పు పట్టిన షెడ్లు, పొగ రాని గొట్టం. ఒక తేడా ఉంది. జోన్‌లో మనుషుల్లేరు, ఇక్కడున్నారు. రావలసిన జీతం కోసం ఏళ్ల తరబడి హైదరాబాద్, నిజామాబాద్ తిరిగినవాళ్లు, క్వార్టర్ ఖాళీ చేయమంటే ఎక్కడికి పోవాలో తెలియనివాళ్లు. వీళ్ల మీద స్థానిక ఛానళ్లు చేసిన కథనాలు యూట్యూబ్‌లో దొరుకుతాయి. డ్రోన్ పైకి లేస్తుంది, విషాద సంగీతం, మూడు సెకన్లకో కట్, ఒక పెద్దాయన బైటు ఆరు సెకన్లు, మళ్లీ డ్రోన్. వార్తకది సరిపోతుందేమో. పదమూడేళ్ల పాటు కొద్దికొద్దిగా ఆగిపోయిన ఫ్యాక్టరీ బాధ మాత్రం పై నుంచి చూస్తే కనబడదు.

ఫ్యాక్టరీకీ లాంగ్ టేక్‌కూ ఉన్న చుట్టరికం సినిమా పుట్టుకనాటిది. లూమియేర్ సోదరులు 1895లో లియాన్‌లో తీసిన తొలి చిత్రం తమ ఫ్యాక్టరీ గేటులోంచి కార్మికులు బయటికి రావడమే. నిమిషం కూడా లేదు, ఒకే షాట్. మరుసటి ఏడాది జూలైలో బొంబాయి వాట్సన్ హోటల్‌లో మన దేశపు మొదటి ప్రదర్శనలోనూ అది ఉంది. 1927లో ఫ్రిట్జ్ లాంగ్ ‘మెట్రోపొలిస్’లో అదే గేటును డిస్టోపియా చేశాడు. షిఫ్టు మారుతుంటే తలలు వంచిన రెండు వరసలు, లోపలికి పోయేవి, బయటికి వచ్చేవి. లూమియేర్ గేటుకు నూరేళ్లు నిండిన 1995లో జర్మన్ దర్శకుడు హారూన్ ఫరోకీ లూమియేర్ చిత్రం పేరుతోనే ఒక వ్యాసచిత్రం తీశాడు. కార్మికుడు గేటు దాటి బయటికొచ్చాకే సినిమాకు అతని కథ మొదలవుతుందనీ, లోపలి పనిని సినిమా పెద్దగా పట్టించుకోలేదనీ అందులో చూపించాడు. ఇక గేటే తెరుచుకోని రోజుల గురించి ఎవరు తీశారు?

చైనాలో వాంగ్ బింగ్ తీశాడు. షెన్యాంగ్‌లోని తియెషీ పారిశ్రామిక వాడలో ప్రభుత్వ ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడుతుంటే, 1999 నుంచి 2001 దాకా అక్కడే తిరిగి ‘వెస్ట్ ఆఫ్ ది ట్రాక్స్’ అనే తొమ్మిది గంటల డాక్యుమెంటరీ చేశాడు. మొదట్లో గూడ్సు రైలు ముందు భాగాన కెమెరా పెట్టి మంచులో ఫ్యాక్టరీల మధ్యగా పోతుంటాడు. నిమిషాల పాటు తెల్లటి నేల, నల్లటి గోడలు. లోపల విశ్రాంతి గదిలో కార్మికులు పేకాడతారు, తిట్టుకుంటారు, స్నానం చేస్తారు. ఎవరో వచ్చి ఫ్యాక్టరీ మూసేస్తున్నారని చెబుతారు. ఆట కాసేపు ఆగి మళ్లీ సాగుతుంది. ఏ కల్పిత డిస్టోపియాలోనూ నేను ఇంత భయపడలేదు. లోకం అంతమవుతున్నప్పుడు పేలుళ్లు ఉండవనీ, టీ చల్లారిపోతుందనీ ఆ గది చెబుతుంది. దానికి అంత సమయం పట్టింది గనుకే నమ్ముతాం.

ఆ తొమ్మిది గంటలు ఏ హాల్లో ఆడతాయి, ఫోన్‌లో వేగం పెంచుకుని చూసేవాళ్లకు లాంగ్ టేక్ ఏం చేస్తుందన్న ప్రశ్న సహేతుకమే. కానీ 2025లో ‘అడాలసెన్స్’ సిరీస్ ఒక్కో భాగాన్ని ఒకే టేకులో తీసి ఫోన్‌లలోనే ప్రపంచమంతా చూసేలా చేసింది. ప్రేక్షకుడికి ఓపిక లేదన్న మాట ఇక పూర్తిగా నిలవదు. మ్యాగజైన్ నాలుగున్నర నిమిషాలకు అయిపోతుందన్న సాకు డిజిటల్‌తో ఎప్పుడో పోయింది. వాంగ్ బింగ్ అంత పనీ చేసింది అద్దెకు తెచ్చిన చిన్న డీవీ కెమెరాతో. బోధన్‌లో పెళ్లి వీడియోలు తీసే కుర్రాళ్ల దగ్గర ఇప్పుడు దానికంటే ఎన్నో రెట్లు మంచివి ఉన్నాయి.